నాన్నకి కాఫీ పొడి వాసన తెలియలేదు, అమ్మోనియాకి మాత్రం ఉలిక్కిపడ్డాడు. ఆ డాక్టరు గారు ఏం కనిపెట్టినట్టు?

మిర్చియార్డు గుమాస్తా కూతురు

అందరికీ నమస్కారం. కాస్త పెద్దదే రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మా నాన్న గుంటూరు మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. మూడు వారాల కింద రాత్రి యార్డు నుంచి వస్తూ చుట్టుగుంట దగ్గర ఎక్సెల్ బండి జారి వెల్లకిలా పడ్డాడు. తల వెనక భాగం డివైడర్‌కి తగిలింది. హెల్మెట్ ఉంది, కానీ బండి హ్యాండిల్‌కి ఉంది. స్కాన్ తీసి లోపల రక్తం గడ్డకట్టలేదని చెప్పి, నాలుగు కుట్లు వేసి పంపించారు.

వారం తర్వాత అమ్మ ఫోన్ మాట్లాడుతూ పోపు మాడ్చేసింది. నాన్న వంటింటి గుమ్మం పక్కనే పేపర్ చదువుకుంటూ తల కూడా ఎత్తలేదు. ఇంగువ ఒక చిటికె తగ్గినా గోల చేసే మనిషి ఆయన! అప్పుడు గమనించాం. గోంగూర పచ్చడి పెడితే "పులుపుంది, కారముంది, గోంగూరే లేదు" అన్నాడు. కుట్లు వేసిన ఆస్పత్రిలో అడిగితే జలుబేమో, తగ్గుతుందిలే అన్నారు.

అసలు గొడవ మా అన్నయ్యతో వచ్చింది. నాన్న యార్డుకి వెళ్తే అందరిలాగే తుమ్ముతున్నాడు, దగ్గుతున్నాడు, కళ్ళు ఎర్రబడుతున్నాయి. అన్నయ్య ఇంట్లో అమృతాంజనం సీసా ముక్కు దగ్గర పెడితే "చల్లగా మండుతోందిరా" అన్నాడు. దాంతో అన్నయ్య "వాసన తెలియని ముక్కుకి ఇదెలా తెలిసింది? ఇన్సూరెన్సు వాళ్ళ కోసం నాటకం" అని తేల్చేశాడు.

మొన్న కొత్తపేటలో నరాల డాక్టరు గారికి చూపించాం. ఆయన కాఫీ పొడి, తర్వాత లవంగం, ఒక్కో ముక్కు విడివిడిగా మూసి వాసన చూపించారు. నాన్న ఏమీ లేదన్నాడు. తర్వాత ఒక చిన్న సీసా మూత తీశారు, అమ్మోనియా అట, దూరంగా ఉన్న నాకే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. నాన్న "అబ్బా!" అని తల వెనక్కి లాక్కున్నాడు. డాక్టరు గారు నవ్వి ఏదో రాసుకున్నారు. ఆ తర్వాత పావుగంట సేపు టార్చి వేశారు, వేళ్ళు ఊపారు, దూదితో మొహం తడిమారు, ఫ్యాన్ వంక చూడమన్నారు, నాలుక చాపమన్నారు, భుజాలెగరేయమన్నారు. బయట జనం ఎక్కువగా ఉన్నారు, వివరంగా అడగడానికి మొహమాటపడ్డాం.

ఆటోలో అన్నయ్య "చూశావా, ఆ సీసాతో దొరికిపోయాడు" అన్నాడు. నాన్న విన్నాడు. రెండు రోజుల నుంచి వాడితో మాట్లాడటం లేదు.

నిజంగా నాన్న దొరికిపోయినట్టేనా? మిగతా పరీక్షలన్నీ ఎందుకు? ముక్కుకి, భుజాలకి సంబంధమేంటి?

రిటైరైన వార్డు పంతులు

అమ్మా, ముందు మీ అన్నయ్యకి ఈ ముక్క చూపించండి. ఆ సీసా మీ నాన్నగారి పక్షాన సాక్ష్యం చెప్పింది. డాక్టరు గారు నవ్వింది అందుకే.

ముక్కులోకి రెండు రకాల తీగలు వస్తాయి. ఒకటి మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నాడుల్లో మొదటిది, దాని పని వాసన ఒక్కటే. రెండోది అయిదో నాడి కొమ్మ. మంట, చురుకు, చల్లదనం, నొప్పి దాని సొమ్ము. అమ్మోనియా, అమృతాంజనంలో చల్లదనం, మీ యార్డులో మిరప దుమ్ము, ఇవన్నీ ప్రధానంగా అయిదో నాడిని పొడిచేవి. మన భాష ఈ తేడాని ముందే పట్టుకుంది చూడండి. మల్లెపూలకి వాసన అంటాం, మిరపకాయకి ఘాటు అంటాం. మీ నాన్నగారికి వాసన పోయింది, ఘాటు మిగిలింది.

నటించేవాడికి ఈ సంగతి తెలియదు. "నాకు వాసన తెలియదు" అని ఒకసారి మొదలుపెట్టాక అమ్మోనియా పెట్టినా బిగబట్టుకుని "ఏమీ లేదు సార్" అంటాడు, కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నా సరే. మీ నాన్నగారు "అబ్బా" అన్నారంటే నిజం చెబుతున్నట్టే లెక్క. ఇంట్లో అన్నయ్య చేసిన పరీక్ష తప్పు కాదు, చదవడం తలకిందులైంది.

తల వెనక దెబ్బకి ముక్కు ఎందుకు పోతుందంటారా? వాసన నాడి పోగులు ముక్కు కప్పులో జల్లెడలాంటి ఎముక చిల్లుల్లోంచి పైకి వెళ్తాయి. వెల్లకిలా పడి తల గుద్దుకున్నప్పుడు మెదడు లోపల ఒక్క ఊపు ఊగుతుంది. ఆ ఊపుకి సన్నటి పోగులు తెగుతాయి. మామూలు సీటీ స్కాన్‌లో అంత సన్నటివి కనపడవు. అందుకని "స్కాన్ బాగుంది" అన్నదీ నిజమే, వాసన పోయిందన్నదీ నిజమే.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ముందుకు వంగినప్పుడు ముక్కులోంచి నీళ్ళలాంటిది కారినా, గొంతులోకి ఉప్పగా దిగినా వెంటనే డాక్టరు గారికి చెప్పండి. ఆ జల్లెడ ఎముక పగిలి మెదడు చుట్టూ ఉండే ద్రవం కారుతూ ఉండొచ్చు. దాన్ని జలుబు అనుకుని వదిలేస్తే మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ రావచ్చు.

నేను గుంటూరు పెద్దాసుపత్రి వార్డుల్లోనే చదువుకున్నాను, అక్కడే పిల్లలకి చెబుతూ జుట్టు నెరిసింది. ఈ మొదటి నాడి పరీక్ష అంటే అందరికీ నిర్లక్ష్యం. "1 చూడలేదు, 2 నుంచి 12 నార్మల్" అని కేస్ షీట్లో రాసేస్తారు. ఒక కుర్రాడు మాత్రం శ్రద్ధగా వారం రోజులు వార్డంతా తిరిగి, పరీక్షించిన వాళ్ళలో సగం మందికి వాసన తెలియడం లేదని రాసుకొచ్చాడు. అతని డబ్బా తీసి నేను వాసన చూశాను. నాకూ తెలియలేదు! ఏడాది నాటి కాఫీ పొడి. ఇంకో సంగతి, "ఇదేంటి" అని అడగక్కర్లేదు, "ఏదైనా తెలుస్తోందా" అని అడగాలి. లవంగానికి పేరు చెప్పలేని వాళ్ళు బోలెడు మంది. ఏదో వాసన ఉందని తెలిస్తే చాలు.

ఇక భుజాల సంగతి. మెదడు నుంచి నేరుగా బయటికొచ్చే నాడులు 12 జతలు. బైపీసీ చదివిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఈ లెక్క కూడా ఒక్కసారి తేలలేదు, పూర్వం గేలెన్ అనే గ్రీకు వైద్యుడు 7 అన్నాడు, 1664లో ఇంగ్లండు వైద్యుడు విల్లిస్ 9 అన్నాడు, 1778లో జర్మన్ వైద్యుడు సోమరింగ్ 12 దగ్గర ఆపాడు. తలకి దెబ్బ తగిలిన మనిషిలో ఒక నాడి పోయిందని తెలిస్తే మిగతా పదకొండూ ఉన్నాయో లేదో చూడకుండా వదలకూడదు. అన్నీ పుర్రె అడుగున చిన్న చిన్న కంతల్లోంచి, పక్కపక్కనే బయటికొస్తాయి.

వేళ్ళు ఊపింది రెండో నాడి కోసం. ఎదురెదురుగా కూర్చుని, రోగి ఒక కన్ను మూస్తే డాక్టరు దానికెదురుగా ఉన్న తన కన్ను మూసుకుని, పక్కల నుంచి వేలు తెస్తాడు. తన చూపుతో రోగి చూపుని కొలుస్తాడన్నమాట. తర్వాత తల కదపకుండా వేలు వెంట చూడమని హెచ్ అక్షరం గీసినట్టు తిప్పుతాడు, అది 3, 4, 6 నాడులకి. ఒకటికి రెండు కనపడుతున్నాయా అని అడిగే ఉంటారు.

దూది అయిదో నాడికి. నుదురు, బుగ్గ, గడ్డం, మూడు కొమ్మలు, మూడు చోట్ల. ఇక్కడ కూడా నటనని పట్టే చోటు ఒకటుంది. దవడ మూల దగ్గర చర్మం అయిదో నాడిది కాదు, మెడ నుంచి వచ్చే నరాలది. మొహం మొద్దుబారిందని కల్పించి చెప్పేవాడు సరిగ్గా దవడ అంచు దాకా గీత గీసినట్టు చెబుతాడు. నాడులు అలా దవడ అంచు చూసుకుని ఆగవు.

ఫ్యాన్ వంక చూడమనడం నాకు భలే నచ్చింది. ఏడో నాడికి కనుబొమలెత్తాలి. "కనుబొమలెత్తమ్మా" అంటే మన వాళ్ళు కళ్ళు చికిలిస్తారు. "తల ఎత్తకుండా ఫ్యాన్ చూడు" అంటే నుదుటి మీద ముడతలు వాటంతట అవే వస్తాయి. ఆ ముడతల మీద చాలా ఆధారపడి ఉంది. మూతి వంకర పోయిన మనిషికి ఆ వైపు నుదురు కూడా ముడతపడకపోతే దెబ్బతిన్నది నాడి. మూతి వంకరపోయినా నుదురు రెండు వైపులా ముడతపడుతోందంటే అనుమానం మెదడు మీదికి, అంటే పక్షవాతం మీదికి వెళ్తుంది. నుదుటికి మెదడు రెండు సగాల నుంచీ ఆజ్ఞలు అందుతాయి కాబట్టి అలా. బాగున్న నుదురే ఎక్కువ భయపెట్టే చోటు ఇదొక్కటే. నాడి దెబ్బతిన్న వాళ్ళకి 72 గంటల్లోపు స్టీరాయిడ్ మొదలుపెట్టడం మంచిది. ఆ మూడు రోజులూ పసరు వైద్యం దగ్గర గడిపేసి నాలుగో రోజు వచ్చేవాళ్ళని ఎంతమందిని చూశానో.

"పళ్ళు చూపించు" అనేది కూడా ఏడో నాడికే. తెనాలి వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారిని అడిగితే కట్టుడు పళ్ళ సెట్టు తీసి నా చేతిలో పెట్టింది. అప్పటి నుంచి "ఈ" అనమంటున్నాను. బుగ్గలు పూరించడానికి "సన్నాయి ఊదేవాడిలా" అంటే చాలు, ఎవరికీ వివరించక్కర్లేదు.

"ఆ" అనిపించి గొంతులో టార్చి వేయడం 9, 10 నాడులకి. నాలుక చాపమనడం పన్నెండుకి. నాలుక చాపితే బలహీనమైన వైపుకి వాలుతుంది, కొండనాలుక మాత్రం బాగున్న వైపుకి పోతుంది. ఏళ్ళ తరబడి పిల్లలు పరీక్షల్లో ఈ రెండూ తారుమారు చేసేవారు. నేను చెప్పేది ఇంతే: నాలుకని కండరం తోస్తుంది, కొండనాలుకని లాగుతుంది. పెద్దవాళ్ళు డాక్టరు ముందు నాలుక చాపడానికి సిగ్గుపడతారు, వెక్కిరించినట్టుంటుందని. ముందు మనం చాపి చూపిస్తే నవ్వుకుంటూ చాపుతారు.

భుజాలెగరేయడం పదకొండో నాడికి. మీ యార్డు ముఠా కూలీలకి ఈ పరీక్ష చేయబోతే భుజం మీద చేతులు వేసిన మనమే పైకి లేస్తాం. టిక్కీలు, అంటే మిరపకాయ బస్తాలు, మోసిన భుజాలు మరి.

బెజవాడ పీజీ

సార్ పోస్ట్ చదివి మా యూనిట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. టార్చి సంగతి సార్ దాటేశారు కాబట్టి నేను రాస్తాను.

టార్చి ఒక కంట్లో వేస్తే రెండు కనుపాపలూ చిన్నవవ్వాలి. కబురు మోసుకెళ్ళేది రెండో నాడి, ఆజ్ఞ మోసుకొచ్చేది మూడో నాడి. కాంతిని ఒక కంటి నుంచి ఇంకో కంటికి మారుస్తూ చూస్తే దెబ్బతిన్న కంటి మీదికి వచ్చినప్పుడు పాప చిన్నదవ్వాల్సింది పోయి పెద్దదవుతుంది. రోగి ఒక్క మాట చెప్పక్కర్లేదు, ఇందులో నటించడమూ కుదరదు.

పోయిన నెల నైట్ డ్యూటీలో ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. కన్ను మూతపడిపోయింది, రెప్ప ఎత్తి చూస్తే గుడ్డు కిందకి, బయటికి తిరిగిపోయి ఉంది. మూడో నాడి. షుగర్ ఉంది. షుగర్ వల్ల అయితే సాధారణంగా కనుపాప బాగానే ఉంటుంది. రక్తనాళం బుడగలా ఉబ్బి నాడిని నొక్కుతుంటే పాప పెద్దదై కాంతికి కదలదు, అది ఎమర్జెన్సీ. ఈయనకి పాప పెద్దగా ఉంది. నాకు చెమటలు పట్టాయి, మా అసిస్టెంట్ గారిని నిద్ర లేపాను. ఆవిడ వచ్చి అడిగిన మొదటి ప్రశ్న: "కంట్లో చుక్కలు ఏమైనా వేశారా?" సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గర పాప పెద్దదవడానికి చుక్కలు వేసి లోపల చూశారట. వాళ్ళబ్బాయి "మీరు అడగలేదుగా సార్" అన్నాడు. అయినా స్కాన్ తీశాం, బుడగ లేదు. చుక్కల సంగతి అడగకుండా టార్చి తీయకూడదని మాత్రం ఆ రాత్రి నేర్చుకున్నాను.

వాదనలరాయుడు

ఇన్ని ఎమ్మారై మెషీన్లు ఉన్న కాలంలో దూది, టార్చి, లవంగాలు ఏంటండీ? సూర్యారావుపేటలో ఏ వీధిలోకి వెళ్ళినా స్కాన్ సెంటరే. స్కాన్ తీసి చూసుకుంటే పోదా?

రిటైరైన వార్డు పంతులు

తీయండి, కాదనను. ఏ చోట వెతకాలో ముందు ఎవరు చెబుతారు?

ఒకావిడ సంగతి చెబుతాను. అన్నం తింటుంటే పొలమారుతోంది, మంచినీళ్ళు ముక్కులోంచి వస్తున్నాయి. మూడు రోజుల నుంచీ ఇంట్లో వాళ్ళు నెత్తి మీద తట్టి, "అమెరికాలో అబ్బాయి తలుచుకుంటున్నాడు" అనుకుంటున్నారు. మన దగ్గర పొలమారితే అంతేగా మరి. నడిస్తే ఒక పక్కకి తూలుతోంది, దానికి గ్యాస్ట్రిక్ టాబ్లెట్ మింగించారు. స్కాన్ తీయించారు, మామూలు సీటీలో ఏమీ కనపడలేదు. నేను "ఆ" అనమన్నాను. కొండనాలుక ఎడమకి లాక్కుపోయింది, కుడి వైపు అంగిలి లేవలేదు. గొంతు బొంగురు. మొహంలో కుడి సగానికి గుండుసూది గుచ్చినా తెలియడం లేదు, ఒళ్ళు చూస్తే ఎడమ సగానికి తెలియడం లేదు. ఇలా మొహం ఒక వైపు, ఒళ్ళు ఇంకో వైపు అయితే మెదడుని వెన్నుపాముకి కలిపే మెదడు కాండం అడుగున పక్కగా ఒక చిన్న చోటు, అక్కడికి రక్తం ఆగిపోయింది. ఆ చోటు చెప్పి ఎమ్మారై తీయిస్తే అక్కడే కనపడింది. అంతకంటే ముందు చేయాల్సింది నోటితో నీళ్ళు ఆపేసి ముక్కులోంచి గొట్టం వేయడం, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ నిర్ణయానికి ఒక టార్చి, ఒక గ్లాసు నీళ్ళు చాలాయి.

మీ ప్రశ్న మాత్రం తప్పు కాదు. మా పిల్లలే ఇప్పుడు స్కాన్ చూశాక వెనక్కొచ్చి పరీక్ష రాస్తున్నారు. అందరికీ అన్నీ నార్మలే ఉంటాయి, చిత్రంగా.

శృతి పెట్టె

ఈఎన్టీలో పనిచేస్తున్నాను, విజయవాడ. వినికిడి చూసే ఎనిమిదో నాడిని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నా వంతు.

కొట్టి చెవి దగ్గర పెట్టే ఇనుప కవ్వంలాంటిది శృతిదండం. 512 అని రాసి ఉన్నది వాడాలి. 128 చాలా మంది సంచిలో ఉంటుంది కానీ అది కాలి ఎముకల మీద అదురు తెలుస్తోందా చూడటానికి. చెవి మీద పెడితే వినిపించేదేదో, అదిరేదేదో రోగికే తెలియదు. 512 దండాన్ని నడినెత్తిన లేదా నుదుటి మీద పెడితే శబ్దం మధ్యలో వినపడాలి. చెవిలో గుబిలి అడ్డుపడి వినపడకపోతే శబ్దం అదే చెవికి వెళ్తుంది. నాడి దెబ్బతింటే బాగున్న చెవికి వెళ్తుంది. నమ్మకపోతే ఇప్పుడే ఒక చెవి వేలితో మూసుకుని "మ్మ్మ్" అని చూడండి, ఏ చెవిలో మోగిందో. తలకి దెబ్బ తగిలిన మీ నాన్నగారికి ఈ పరీక్ష చేయకపోతే అడిగి చేయించండి.

వాసనకి ఒక సాధన ఉంది. 2009లో జర్మనీలో హమ్మెల్ గారి బృందం రాసింది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి, ఈ నాలుగు వాసనలూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక్కోటి పది సెకన్లు శ్రద్ధగా చూడటం, కనీసం మూడు నెలలు. దెబ్బ వల్ల పోయిన వాసన అందరికీ తిరిగి రాదు, వచ్చే వాళ్ళకి ఎక్కువగా మొదటి ఏడాదిలో వస్తుంది. ఖర్చు లేదు, నష్టం లేదు, చేయించండి.

ఈలోగా ఇంట్లో గ్యాస్ లీకైతే కూసే పరికరం ఒకటి పెట్టించండి. వంట గ్యాస్‌కి సొంత వాసన ఉండదు, మనకి తెలియాలనే మెర్కాప్టాన్ అనే కంపు కలుపుతారు. మీ నాన్నగారికి ఆ కంపు ఇప్పుడు లేనట్టే.

మిర్చియార్డు గుమాస్తా కూతురు

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. పంతులు గారి పోస్ట్ అన్నయ్యకి చదివి వినిపించాను. వాడు ఏమీ అనలేదు. సాయంత్రం గ్యాస్ అలారం కొనుక్కొచ్చి గోడకి బిగించాడు. నాన్న పక్కన స్టూలు పట్టుకున్నాడు. మాట్లాడుకున్నారా అంటే, "స్క్రూ ఇవ్వు", "ఇదిగో" వరకు అయింది.

ముక్కులోంచి నీళ్ళు కారడం లేదు, వంగించి మరీ చూశాం. రెండో రోజు మళ్ళీ వెళ్తే డాక్టరు గారు శృతిదండం కూడా పెట్టారు, మధ్యలోనే వినపడిందట.

నాన్న బెంగ వేరే. టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి గలగలలాడించి ఎండిందో లేదో చెప్పేస్తాడు, రంగు చూసి తాలు ఏరేస్తాడు. లోపల బూజు పట్టిన కాయని మాత్రం వాసన చూసే పట్టేవాడు. "ఇప్పుడు ఆ టిక్కీ నా చేతుల మీదుగా పోతే ఎవరికి చెప్పుకోను" అన్నాడు నిన్న. కొట్లో ఇంకో కుర్రాడి చేత వాసన చూపిస్తున్నారు, ప్రస్తుతానికి.

సాధన మొదలుపెట్టాం. నిమ్మకి తొక్క గిల్లుతున్నాం, గులాబీకి పెళ్ళిలో మిగిలిన పన్నీరు సీసా దొరికింది. ఒక శుభవార్త! నాలుగో రోజే నీలగిరి తెలుస్తోందన్నాడు నాన్న. "పైకి లాగినట్టుగా, చల్లగా ఉంది" అన్నాడు. తిరిగి వస్తున్నట్టే కదా?

రిటైరైన వార్డు పంతులు

అమ్మా, చల్లగా అన్నారు కదా, అది మళ్ళీ అయిదో నాడే. లవంగంలోనూ కొంచెం చురుకు ఉంటుంది, దాన్నీ నమ్మకండి. గులాబీలో చురుకూ లేదు, చల్లదనమూ లేదు, ఉత్త వాసన. పన్నీరు తెలిసిన రోజు రాయండి.